లబ్బక్ రాంచింగ్ మ్యూజియం: వెళ్ళేముందు మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

టెక్సాస్ పశ్చిమ భాగంలో లబ్బక్ అనే ఊళ్ళో నేషనల్ రాంచింగ్ హెరిటేజ్ సెంటర్ ఉంది. మాది ఒంగోలు పక్క పల్లెటూరు. పశువుల కొట్టం పక్కనే పెరిగాను. ఈ మ్యూజియానికి మొదటిసారి ఆదివారం పొద్దుపోక వెళ్ళాను. తర్వాత పని పెట్టుకుని మరీ వెళ్ళాను. ఇంటికొచ్చిన చుట్టాల్ని, యూనివర్సిటీలో కొత్తగా చేరిన పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాళ్ళు దారిలోనూ, అక్కడా, తిరిగొచ్చేటప్పుడూ అడిగిన ప్రశ్నలే ఇవి. నాకు తెలిసినంతలో జవాబులు రాశాను.

ఇదేం మ్యూజియం? అద్దాల బీరువాల్లో తుపాకులూ టోపీలేనా?

లోపల గ్యాలరీల్లో జీన్లు, రికాబులు, కళ్ళేలు, బొమ్మలు ఉంటాయి. అసలు సంగతి మాత్రం భవనం వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్ళాక మొదలవుతుంది. అక్కడ ఆరుబయట యాభై దాకా కట్టడాలు ఉన్నాయి. ఇళ్ళు, కొట్టాలు, బడి, కమ్మరి కొలిమి, కౌబాయ్‌లు పడుకునే సావిడి, రైల్వే డిపో, పశువుల్ని రైలెక్కించే దొడ్లు, గాలిమరలు. 1780ల కాలం నుంచి 20వ శతాబ్దం మధ్య దాకా రాంచ్ మీద బతికిన మనుషులు ఎలాంటి కప్పుల కింద తలదాచుకున్నారో వరసగా నడుస్తూ చూడొచ్చు.

టెక్సాస్ టెక్ యూనివర్సిటీకి చెందిన మ్యూజియం ఇది. ఆలోచన 1960లలో మొదలైంది, 1976 జూలైలో, అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చి 200 ఏళ్ళు నిండిన సందర్భంలో, ప్రజలకు తెరిచారు. యుద్ధాల గురించి, అధ్యక్షుల గురించి మ్యూజియాలు చాలా ఉన్నాయి. పశువులు కాచుకున్నవాళ్ళ ఇళ్ళను ఇంత శ్రద్ధగా దాచినవి మాత్రం అరుదు. నాకు ఈ చోటు నచ్చింది అందుకే.

రాంచ్ అంటే మన పశువుల దొడ్డిలాంటిదా?

కాదు. మన ఊళ్ళో రైతుకి నాలుగెద్దులు, రెండు గేదెలు, గాటిపాట, కుడితి తొట్టి ఉంటాయి. సేద్యానికి తోడుగా పశువు. రాంచ్‌లో సేద్యం లేదు, పశువే పంట. దాన్ని కట్టేయరు, మేత కోసి వేయరు. వేల ఎకరాల బీడు మీదకి వదిలేస్తారు, అదే మేసి, అదే ఈని, అదే పెరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు గుర్రాల మీద వెళ్ళి మందనంతా ఒక చోటికి తోలుకొచ్చి, దూడలకు వాతలు వేసి, అమ్మదగ్గవాటిని ఏరతారు.

ఎంత పెద్దవంటే, ఎక్స్.ఐ.టి. అనే రాంచ్ 30 లక్షల ఎకరాలు. ఆస్టిన్‌లో ఇప్పుడున్న టెక్సాస్ కాపిటల్ భవనం కట్టినందుకు కాంట్రాక్టర్లకు డబ్బు బదులు ప్రభుత్వం ఇచ్చిన భూమి అది. ఒక భవనానికి కూలిగా పది కౌంటీల మీద పరుచుకున్న నేల! ఆ రాంచ్ డివిజన్ ఆఫీసుల్లో ఒకటైన రాతి ఇల్లు ‘లాస్ ఎస్కర్బాదాస్’, 1886 నాటిది, ఇప్పుడు ఈ మ్యూజియంలోనే ఉంది. నీళ్ళ కోసం వాగులో తవ్వుకున్న చెలమల వల్ల వచ్చిన పేరు అది. ఎండాకాలం వాగు ఇసకలో చెలమ తీసి, నీళ్ళు తేటపడేదాకా పక్కన కూర్చున్నవాళ్ళకు ఆ పేరు ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఇళ్ళు నిజమైనవేనా, సినిమా సెట్టింగుల్లా కట్టారా?

దాదాపు అన్నీ నిజమైనవే. టెక్సాస్ నలుమూలలా పాడుబడి ఉన్నవాటిని విప్పి తెచ్చి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు. రాతి ఇళ్ళకైతే ప్రతి రాయికీ నంబరు వేసి, లారీల్లో తెచ్చి, ఆ వరసలోనే పేర్చారు. చెక్క ఇళ్ళు కొన్ని ఉన్నవి ఉన్నట్టే కదిలొచ్చాయి. నకలుగా కట్టినవి కొన్నే. వాటిలో ముఖ్యమైనది లాస్ కొర్రలీతోస్ అనే కోటగోడల ఇల్లు.

చుట్టూ మట్టి దిబ్బలు పోసి గడ్డి పెంచారు. దానివల్ల ఒక ఇంటి ముందు నిలబడితే పక్క శతాబ్దపు ఇల్లు గానీ, అవతల రోడ్డు మీది కార్లు గానీ అంతగా కంటబడవు. చిన్న ఏర్పాటే కానీ, ఎవరికి తట్టిందోగానీ వాళ్ళ చేతులకు దండం పెట్టాలనిపిస్తుంది.

అన్నీ చూసే ఓపిక లేదు. తప్పకుండా చూడాల్సినవి ఏవి?

నన్నడిగితే ఆరు చెబుతాను.

మొదటిది ఇప్పుడు చెప్పిన లాస్ కొర్రలీతోస్. 1780ల నాటి స్పానిష్ కాలపు ఇంటికి నకలు. మందపాటి రాతి గోడలు, ఒకటే తలుపు, కిటికీలు లేవు, తుపాకీ గొట్టం పట్టేంత సందులు మాత్రం ఉన్నాయి. టెక్సాస్‌లో రాంచ్ అనే మాట ఇంగ్లీషువాళ్ళకంటే ముందే ఉందని ఈ ఇల్లు గుర్తుచేస్తుంది.

రెండోది ఎల్ కపోతే కేబిన్, సుమారు 1838 నాటి కర్ర దుంగల గుడిసె. అప్పటికి టెక్సాస్ అమెరికాలో కలవలేదు, వేరే దేశం. దుంగలు ఒకదాన్నొకటి ఎలా కొరికి పట్టుకున్నాయో మూలల దగ్గర ఆగి చూడండి.

మూడోది హెడ్విగ్స్ హిల్ ఇల్లు. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు 1850లలో కట్టుకున్నది. రెండు గదులు, మధ్యలో రెండు వైపులా తెరిచి ఉన్న నడవ, అన్నిటికీ కలిపి ఒకే కప్పు. ఈ రకం ఇంటిని ఇక్కడ డాగ్‌ట్రాట్ అంటారు, కుక్క ఇటు నుంచి అటు పరిగెత్తేలా ఖాళీగా ఉంటుందని. ఆగస్టులో ఆ నడవలో నిలబడ్డాను. బయట ఎండ మాడుతోంది, అక్కడ మాత్రం గాలి వీస్తోంది. మా తాతగారింట్లో మధ్యాహ్నం మంచం నడవలోకే ఎందుకు లాగేవారో అప్పుడర్థమైంది.

నాలుగోది మటడోర్ రాంచ్ నుంచి తెచ్చిన సగం గొయ్యి, సగం ఇల్లు. 1880ల చివరిది. ఇక్కడి మైదానంలో చెట్టు లేదు, కాబట్టి కలప లేదు. ఏం చేస్తారు? నేలను సగం తవ్వి, పైన కొద్దిపాటి కర్ర కట్టి, కప్పేసుకున్నారు. మెట్లు దిగి లోపలికి తొంగి చూడండి. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉండేది నిజమే. కానీ ఇలాంటి ఇళ్ళలో కప్పు నుంచి మట్టి రాలి కూటి మీద పడేది, దానికి అడ్డంగా గుడ్డ కట్టుకునేవారు. పాములూ తేళ్ళూ అదే చల్లదనం వెతుక్కుంటూ వచ్చేవి. రాయలసీమ మట్టిమిద్దెల్లో వానాకాలం గడిపినవాళ్ళు ఈ గుమ్మం దగ్గర కాసేపు ఎక్కువే నిలబడతారు.

ఐదోది పికెట్ అండ్ సోటోల్ ఇల్లు. జూనిపర్ కర్రలు నిలువునా పాతి, సోటోల్ అనే ఎడారి మొక్క కాడలతో గోడలు అల్లుకున్నారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కట్టినది. అప్పటికి న్యూయార్క్‌లో భూగర్భ రైళ్ళు నడుస్తున్నాయి. ఇక్కడ మాత్రం చేతికందిన పుల్లతో తడికలు కట్టుకుంటున్నారు.

ఆరోది 1909 నాటి బార్టన్ ఇల్లు. రెండంతస్తులు, పంచలు, చెక్క నగిషీ, అన్ని హంగులూ ఉన్నాయి. దాని వెనక కథ మనసుని పట్టేస్తుంది. రైలు మార్గం వస్తుందన్న ఆశతో బార్టన్ అనే ఆసామి తన పేరు మీద ఊరే కట్టాడు. రైలు ఇంకో దారిన పోయింది. ఊరు మాసిపోయింది. ఇల్లు మిగిలింది, చివరికి ఇక్కడికి చేరింది.

ఇంకా కాళ్ళలో సత్తువ ఉంటే 6666 రాంచ్ నుంచి వచ్చిన 1908 నాటి పెద్ద కొట్టం, 1890 నాటి ఒంటిగది బడి కూడా చూడండి. బడి లోపల బల్లలు చూసి మా పిల్ల ‘ఒకటే క్లాసా, మరి మిగతా క్లాసులో?’ అని అడిగింది. అన్ని తరగతులకూ అదే గది, ఒకే టీచర్.

కౌబాయ్ అంటే కృష్ణ గారి సినిమాల్లోలా తుపాకీ తిప్పేవాడు కాదా?

కృష్ణ గారిని గుర్రం మీద చూసి పెరిగిన తరం మాది, ఆ ఇష్టం ఎక్కడికీ పోదు. కానీ అసలు కౌబాయ్ జీతగాడు. మన వైపు మాటల్లో చెప్పాలంటే పాలేరు, గుర్రం ఎక్కిన పాలేరు. మంద తోలుకెళ్ళే రోజుల్లో నెలకి 25 నుంచి 40 డాలర్లు ఇచ్చేవారు. చాలామందికి ఎక్కే గుర్రం కూడా సొంతం కాదు, రాంచ్‌ది. సొంతమైనది జీను ఒక్కటే.

1865లో అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో పశువులు లక్షల్లో ఉన్నాయి, కొనేవాడు లేడు. ఇక్కడ నాలుగు డాలర్లు చేసే ఎద్దు ఉత్తరాది నగరాల్లో నలభై పలికేది. రైలు కాన్సాస్ దాకానే వచ్చింది. అందుకని మందని నడిపించుకుంటూ వందల మైళ్ళు తీసుకెళ్ళారు. 1867లో కాన్సాస్‌లోని అబిలీన్‌లో జోసెఫ్ మెకాయ్ పశువుల దొడ్లు కట్టాక టెక్సాస్ నుంచి అక్కడికి మందలు తోలే చిజమ్ దారి ఊపందుకుంది. రెండున్నర వేల పశువుల వెంట పది, పన్నెండు మంది మనుషులు. రోజుకి పది, పదిహేను మైళ్ళు. అంతకంటే తొందరపెడితే పశువు చిక్కిపోతుంది, ధర పడిపోతుంది. మంద చివర నడిచేవాడి పని అన్నిటికంటే కష్టం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదివేల గిట్టల దుమ్ము మింగాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకే ఆ చోటు.

రాత్రి ఉరుము ఉరిమితే మంద బెదిరి పరిగెత్తేది. అందుకే రాత్రి కాపలావాళ్ళు చుట్టూ తిరుగుతూ మెల్లగా పాటలు పాడేవారు. పశువుకి మనిషి గొంతు వినిపిస్తుంటే కుదురుగా ఉంటుంది. ఈ సంగతి పశువులు కాచిన ఎవరికైనా తెలుసు.

1883లో టెక్సాస్ ఉత్తర కొసన కొన్ని రాంచ్‌ల కౌబాయ్‌లు నెల జీతం 50 డాలర్లు చేయాలని సమ్మెకి దిగారు. కొన్ని నెలలకే సమ్మె విరిగిపోయింది. యజమానులు వేరేవాళ్ళని పెట్టుకున్నారు. మ్యూజియంలో 1879 నాటి మాస్టర్సన్ జె.వై. బంక్‌హౌస్ ఉంది, జీతగాళ్ళు పడుకున్న గది. దాన్ని చూసి, తర్వాత బార్టన్ ఇంటికి వెళ్ళండి. ఆ సమ్మె ఎందుకు జరిగిందో గోడలే చెబుతాయి.

కౌబాయ్‌లందరూ తెల్లవాళ్ళేనా?

కానే కాదు. ఈ విద్యంతా మెక్సికోలోని పశులకాపరుల దగ్గర్నుంచి వచ్చింది. వాళ్ళని వకేరో అంటారు. వాక అంటే స్పానిష్‌లో ఆవు. రాంచ్, రోడియో, కొరాల్, లారియట్, చాప్స్, మస్టాంగ్ ఇవన్నీ స్పానిష్ మాటలకు నలిగిన రూపాలే. 1853లో మొదలైన కింగ్ రాంచ్‌కి మెక్సికోలోని ఒక ఊరు ఊరంతా కరువుకు తట్టుకోలేక వలస వచ్చి పని చేసింది. ఆ కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉన్నాయి.

మంద తోలినవాళ్ళలో నాలుగో వంతు దాకా నల్లజాతివాళ్ళని చరిత్రకారుల లెక్క. బానిసత్వంలో పుట్టిన బోస్ ఐకార్డ్ అనే ఆయన చార్లెస్ గుడ్‌నైట్ అనే రాంచ్ యజమాని దగ్గర పని చేశాడు. మంద అమ్మిన డబ్బు మొత్తం ఐకార్డ్ చేతికిచ్చి పంపేంత నమ్మకం ఉండేది. ఆయన చనిపోతే సమాధి రాయి గుడ్‌నైటే వేయించాడు. ఎద్దుని కొమ్ములు పట్టి పడగొట్టే పందెంతో దేశమంతా పేరు తెచ్చుకున్న బిల్ పికెట్‌ కూడా నల్లజాతి టెక్సాస్ మనిషే. సినిమాలు వీళ్ళని చాలాకాలం చూపించలేదు, అది పెద్ద అన్యాయం.

బండి వెనక అల్మరా ఉన్న వాహనం ఒకటి ఫోటోల్లో కనిపిస్తుంది, అదేంటి?

చక్ వాగన్, అంటే నడిచే వంటిల్లు. 1866లో గుడ్‌నైట్ ఒక పాత సైన్యపు బండిని తీసుకుని, వెనక అరలున్న పెట్టె బిగించాడు. దాని తలుపు కిందికి దించితే బల్ల అవుతుంది. అరల్లో పిండి, చిక్కుడు గింజలు, ఉప్పు, కాఫీ, మందులు, సూది దారం ఉండేవి. పక్కన నీళ్ళ పీపా. బండి కింద పచ్చితోలు ఊయలలా వేలాడదీసేవారు. అందులో దారిలో ఏరుకున్న పుల్లలు, అవి దొరకని చోట ఎండిన పేడ కుప్పలు వేసుకునేవారు. మనలా చేత్తో గోడకి చరిచిన పిడకలు కావు, ఎండకి ఎండినవి అలాగే ఏరేవారు. మంట మాత్రం అదే మంట.

రాత్రి వంటవాడు బండి నొగని ధ్రువ నక్షత్రం వైపు తిప్పి పెట్టి పడుకునేవాడు, తెల్లారి మబ్బు పట్టినా ఎటు వెళ్ళాలో తెలిసేలా. అక్కడ ఆయన మాటే శాసనం. బండి దగ్గర గుర్రాన్ని దుమ్ము లేచేలా నడిపితే తిట్లు తప్పవు.

పశువుల మీద వాతలు చదవడం ఎలా?

మ్యూజియంలో రాంచ్‌ల గుర్తులు చాలా కనిపిస్తాయి. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి, బయట నుంచి లోపలికి చదవాలి. అక్షరం పక్కకి పడుకుని ఉంటే ‘లేజీ’ అంటారు, బద్ధకంగా పడుకుందని. కింద ఉయ్యాల బల్లలాంటి వంపు ఉంటే ‘రాకింగ్’. రెక్కలుంటే ‘ఫ్లయింగ్’. అడ్డగీత ఉంటే ‘బార్’. అక్కడే ఉన్న ‘యు లేజీ ఎస్’ రాంచ్ బండ్ల కొట్టం దగ్గర పిల్లలకి ఈ ఆట నేర్పండి. తర్వాత మిమ్మల్ని వదలరు.

ఈ గుర్తులు నేటికీ చట్టబద్ధమే. టెక్సాస్‌లో కౌంటీ ఆఫీసులో నమోదు చేయించి, పదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. 6666 గుర్తు పేకాటలో నాలుగు ఆర్లు పడి రాంచ్ గెలిస్తే వచ్చిందని అందరూ చెబుతారు. అది కట్టుకథ. ఆ రాంచ్ పెట్టిన బర్క్ బర్నెట్ 1868లో కొన్న పశువుల మీద అప్పటికే ఆ వాత ఉంది.

గాలిమరలు, ముళ్ళకంచె అంత గొప్ప విషయాలా?

లబ్బక్ చుట్టూ ఉన్న మైదానం పేరు యానో ఎస్తకాదో. బల్లపరుపు నేల, చెట్టు లేదు, పారే నది లేదు. కానీ కింద ఒగల్లాలా అనే పెద్ద భూగర్భ జలాశయం ఉంది. గాలి ఎలాగూ ఆగదు. ఆ గాలితోనే నీటిని పైకి తోడే మర దొరికాక ఈ నేల మీద పశువు నిలిచింది. అందుకే ప్రతి ఇంటి పక్కనా ఒక గాలిమర. దాని కిర్రుకిర్రు వింటూ కాసేపు కూర్చోండి. మా ఊళ్ళో మోట బావి చప్పుడు ఎంత ముఖ్యమో ఇక్కడ ఇది అంత ముఖ్యం.

ముళ్ళకంచెకి 1874లో జోసెఫ్ గ్లిడెన్ పేటెంట్ తీసుకున్నాడు. ఆయనతో భాగస్వామిగా ఉన్న ఐజాక్ ఎల్వుడ్ ఆ డబ్బుతోనే ఇక్కడ స్పేడ్ రాంచ్ కొన్నాడు. ఆ రాంచ్ కొలిమి కూడా మ్యూజియంలో ఉంది. కంచె రాగానే అందరి బీడు కాస్తా ఒక్కొక్కరిది అయింది. మంద తోలే దారులు మూసుకుపోయాయి, కౌబాయ్ కంచె బాగుచేసే కూలీ అయ్యాడు. రైలు ఊళ్ళలోకి వచ్చేసరికి సుదూరపు నడకతో పని లేకుండా పోయింది. అంతా కలిపి ఇరవై ఏళ్ళు, ఇరవై ఐదేళ్ళ ముచ్చట. దాని మీద పుట్టిన కథలు మాత్రం నూట యాభై ఏళ్ళుగా నడుస్తున్నాయి.

ఆడవాళ్ళ సంగతేంటి?

ఆ గొయ్యి ఇంట్లో పొయ్యి ముట్టించిందీ, పిల్లల్ని కన్నదీ వాళ్ళే. కింగ్ రాంచ్ యజమాని 1885లో చనిపోతే ఆయన భార్య హెన్రియెట్టా కింగ్ అప్పులతో సహా బాధ్యత తీసుకుని నలభై ఏళ్ళు నడిపించింది. టెక్సాస్ ఉత్తరాన పాలో డ్యూరో లోయలో చార్లెస్ గుడ్‌నైట్ భార్య మేరీ ఆన్‌కి నెలల తరబడి ఇంకో ఆడమనిషి ముఖం కనబడేది కాదు. ఒక కౌబాయ్ కోసుకు తినమని మూడు కోళ్ళు గోతంలో తెచ్చిస్తే, వాటిని కొయ్యలేదట. మాట్లాడటానికి తోడుగా పెంచుకుంది. వేటగాళ్ళు తల్లుల్ని చంపగా మిగిలిన అడవిదున్న (బైసన్) దూడల్ని చేరదీసిందీ ఆవిడే. ఆ మంద సంతతి ఇప్పటికీ లబ్బక్‌కి రెండు గంటల లోపు దూరంలో, కాప్‌రాక్ కాన్యన్స్ స్టేట్ పార్కులో తిరుగుతోంది.

అంతకు ముందు ఈ నేల ఎవరిది?

కొమాంచీ అనే ఆదివాసీ తెగది. వందేళ్ళకు పైగా ఈ మైదానానికి వాళ్ళే ఏలికలు. వాళ్ళ తిండీ గుడ్డా అడవిదున్నే. 1870లలో తోళ్ళ వేటగాళ్ళు ఆ మందల్ని దాదాపు తుడిచిపెట్టారు. 1874లో పాలో డ్యూరో లోయలో సైన్యం కొమాంచీల గుడారాల్ని తగలబెట్టి, పట్టుకున్న గుర్రాల్లో వెయ్యికి పైగా చంపేసింది. మరుసటి ఏడాది కొమాంచీల నాయకుడు క్వానా పార్కర్ తనవాళ్ళతో లొంగిపోయాడు. 1876లో అదే లోయలోకి గుడ్‌నైట్ పశువుల్ని తోలుకొచ్చాడు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే గుండె బరువెక్కుతుంది. 1870ల మొదట్లో కట్టిన జోవెల్ రాతి ఇంటి గోడ సందుల్ని మీ పిల్లలు చూసి ఎందుకివి అని అడుగుతారు. జవాబు రెండు వైపుల నుంచీ చెప్పండి. అంతకు ముందున్న కర్ర ఇల్లు దాడిలో కాలిపోయిందన్నది ఒక వైపు. దాడి చేసినవాళ్ళ ఇల్లు ఈ నేలేనన్నది ఇంకో వైపు.

మన ఒంగోలు జాతికి టెక్సాస్ పశువులతో చుట్టరికం ఉందంటారు, నిజమా?

నిజం. నేను ఈ పేజీ రాయడానికి సగం కారణం ఇదే.

టెక్సాస్ దక్షిణాన తేమ, ఎండ, పిడుదులు. పిడుదు కాటుతో వచ్చే జ్వరం మందల్ని ఊడ్చేసేది. యూరప్ నుంచి తెచ్చిన మేలు జాతులు ఆ వేడికి తట్టుకోలేకపోయాయి. అప్పుడు రైతుల కన్ను మన దేశం మీద పడింది. మూపురం, వేలాడే గంగడోలు, పిడుదుని లెక్కచేయని బిగువైన చర్మం. 1906లో పియర్స్ రాంచ్ తరఫున ఏ.పి. బోర్డెన్ అనే ఆయన ఇండియా నుంచి ముప్పైకి పైగా పశువుల్ని ఓడలో తెప్పించాడు. అంతకు ముందూ కొన్ని వచ్చాయి, తర్వాత బ్రెజిల్ మీదుగా ఇంకొన్ని వచ్చాయి. గుజరాత్, గిర్, కృష్ణా లోయ జాతులు, వాటితో పాటు నెల్లూరు జాతి. ఈ నాలుగిటి కలయికే అమెరికన్ బ్రహ్మన్. ఆ జాతి పెంపకందారుల సంఘం 1924లో ఏర్పడింది.

నెల్లూరు జాతి అంటే మన ఒంగోలే. ఒకప్పుడు ఒంగోలు ప్రాంతమంతా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరే విదేశాల్లో నిలిచిపోయింది. బ్రెజిల్‌లో నెలోర్ అంటారు, అక్కడి పశువుల్లో అత్యధికం ఆ రక్తమే.

కింగ్ రాంచ్‌వాళ్ళు షార్ట్‌హార్న్ అనే ఇంగ్లండ్ జాతిని ఈ మూపురపు జాతితో కలిపి శాంటా గెర్ట్రూడిస్ అనే కొత్త జాతిని సాధించారు. అమెరికా వ్యవసాయ శాఖ 1940లో దాన్ని గుర్తించింది. ఐదు పాళ్ళు షార్ట్‌హార్న్, మూడు పాళ్ళు బ్రహ్మన్.

ఒకసారి మా నాన్నని తీసుకుని లబ్బక్ నుంచి దక్షిణంగా కారులో వెళ్తుంటే కంచె అవతల తెల్లటి ఆబోతు కనిపించింది. ఆపమన్నారు. దిగి కంచె దగ్గరికి వెళ్ళి, మూపురం, గంగడోలు, తోక కుచ్చు ఒక్కొక్కటే చూసి, ‘కొమ్ము తేడాగా ఉంది గానీ, నడక మనదేరా’ అన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఊళ్ళో సంతలో నిలబడ్డట్టే చాలాసేపు నిలబడ్డారు. అప్పటిదాకా అమెరికాలో ఆయనకి ఏదీ పరిచయం ఉన్నట్టు అనిపించలేదు.

టికెట్ ఎంత? ఎంత సమయం పడుతుంది?

ప్రవేశం ఉచితం. విరాళం ఇవ్వదలిస్తే ఇవ్వొచ్చు. ఇవ్వమనే నా మాట, పాత కర్ర, రాయి నిలబెట్టడానికి ఏటా ఎంతో ఖర్చు. తొందరగా చూస్తే గంటన్నర, నింపాదిగా అయితే మూడు గంటలు. ఆరుబయలు భాగం లోపలి గ్యాలరీల కంటే ముందే మూసేస్తారు కాబట్టి, ముందు బయటిది చూసేయండి. వేళలు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకుని బయలుదేరండి.

డాలస్ నుంచి సుమారు 350 మైళ్ళు, కారులో ఐదు గంటల పైనే. అమరిల్లో నుంచి రెండు గంటల లోపే. లబ్బక్‌లో విమానాశ్రయం ఉంది. టెక్సాస్ టెక్‌లో చదివే మన పిల్లలకైతే కాంపస్‌ పక్కనే. అయినా రెండేళ్ళు చదివి ఒక్కసారి కూడా చూడకుండా వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు నడవగలరా? చిన్నపిల్లలు ఉంటే?

దారులు చదునుగా ఉంటాయి, తోపుడు బండి నడుస్తుంది. కానీ నడక ఎక్కువ, నీడ తక్కువ. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని మొత్తం తిప్పకండి, నాలుగైదు ఇళ్ళు చూపించి పంచలో కూర్చోబెట్టండి. కొన్ని ఇళ్ళలోకి అడుగుపెట్టొచ్చు, చాలావాటిని గుమ్మం దగ్గర్నుంచే చూడాలి. పెద్దవాళ్ళని తొందరపెట్టొద్దు. మనకి పాత ఇనుములా కనిపించే వస్తువు దగ్గర వాళ్ళు ఆగిపోతారు. మా అమ్మ వెన్న చిలికే పీపా దగ్గర పావుగంట నిలబడి, కవ్వం తాడుతో పని లేకుండా ఎలా చిలుకుతారో తేల్చుకున్నాకే కదిలింది.

ఏ నెలలో వెళ్తే మంచిది?

అక్టోబరు, నవంబరు హాయిగా ఉంటాయి. మార్చి, ఏప్రిల్‌లో దుమ్ము గాలులు లేస్తాయి, ఆకాశం ఎర్రబడిపోతుంది. ఆ రోజు వెళ్తే కళ్ళజోడు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. జూన్ నుంచి ఆగస్టు దాకా అయితే ఉదయాన్నే వెళ్ళి, నీళ్ళు, టోపీ తీసుకెళ్ళండి.

డిసెంబరులో ఒక వారాంతం రాత్రిపూట ‘క్యాండిల్‌లైట్ ఎట్ ద రాంచ్’ జరుపుతారు. దారి పొడవునా దీపాలు పెడతారు. ఆనాటి బట్టలు కట్టుకున్న వాలంటీర్లు ఇళ్ళల్లో పొయ్యి దగ్గర కూర్చుని, రొట్టె కాల్చుకుంటూ, బట్టలు కుట్టుకుంటూ కనిపిస్తారు. కరెంటు దీపం లేని చీకటి ఎంత చిక్కగా ఉంటుందో మన పిల్లలు చూసి ఉండరు. ఏడాదిలో ఒక్కసారే వెళ్ళగలిగితే ఆ రాత్రికే వెళ్ళండి. చలికి మందపాటి కోటు మరవొద్దు.

శాకాహారులం, తిండి ఎలా?

కడుపు నింపుకునే వెళ్ళండి, లేదా పులిహోర కట్టుకెళ్ళి ఊళ్ళోని పార్కులో తినండి.

దగ్గర్లో ఇంకేమున్నాయి?

లబ్బక్‌లోనే అమెరికన్ విండ్‌మిల్ మ్యూజియం ఉంది, గాలిమరల కోసమే. మిగతావి దూరమే: ఫోర్ట్‌వర్త్‌లో నేషనల్ కౌగర్ల్ మ్యూజియం, స్టాక్‌యార్డ్స్‌లో లాంగ్‌హార్న్ ఎద్దుల్ని వీధిలో తోలే వేడుక ఉన్నాయి. ఓక్లహోమా సిటీలోని నేషనల్ కౌబాయ్ మ్యూజియం 1965లో తెరిచారు. బొమ్మలు, శిల్పాలు ఇష్టమున్నవాళ్ళు దానికి ఒక రోజంతా కేటాయించాలి. అలసిన గుర్రం మీద తల వాల్చిన ఆదివాసీ యోధుడి ఎత్తైన శిల్పం అక్కడే ఉంది.

ఒక్కటే చూడగలం అంటే నా ఓటు లబ్బక్‌కే. సాయంత్రం వెలుతురు గోడల మీద ఏటవాలుగా పడే వేళకి ఆ గొయ్యి ఇంటి దగ్గరికి చేరేలా చూసుకోండి. మెట్ల మీద దుమ్ము ఉంటుంది, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి.